చూచియుఁ జూడనట్లు

దసరా సెలవులకు కొలఁది దినముల ముందు తొమ్మిదవ తరగతిలో ఇంగ్లీషు పాఠము చెప్పుచుండఁగా 'కన్నైవ్' అను మాట యొకటి అడ్డుతగిలినది. ఆ వాక్యమునకు తాత్పర్యము చెప్పి ముందునకు సాగిపోవచ్చును. పరీక్షకు అంతకంటె అక్కఱలేదు. కాని మూఁడవ బల్లమీఁద కూర్చుండు బాలుఁ డొకఁడు లేచి, "అయ్యా, మా తాతగారి నిఘంటువులో ఈ మాటకు తప్పును చూచియుఁ జూడనట్లుండుట యని యున్నది. మా యన్న సెల్‌ఫోనులో వెదకి, కుట్ర పన్నుట యని చెప్పుచున్నాఁడు. ఇద్దఱిలో ఎవరిది సరి?" అని యడిగెను.

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. తెలియదని ఒప్పుకొనుట ఉపాధ్యాయునకు చేఁదుమాత్ర వంటిది, అయినను మ్రింగితిని. ఆ రాత్రి పుస్తకములు తిరుగవేసి మఱునాఁడు తరగతిలో చెప్పినదేమనఁగా, తాతగారిదియు సరియే, అన్నగారిదియు సరియే. లాటినుభాషలో ఆ మాటకు మూలమైన క్రియకు ఱెప్పలు మూయుట యని యర్థము. సుమారు 400 ఏండ్ల క్రిందట అది ఇంగ్లీషులోనికి వచ్చినప్పుడు, ఒరులు చేయు తప్పునకు కన్నులు మూసికొనుట యనియే వాడిరి. కాలక్రమమున, ఆ తప్పు చేయువారితో లోలోపల కలిసియుండుట యనియు, తుదకు తానే రహస్యముగా కుట్ర పన్నుట యనియు దాని యర్థము ప్రాఁకినది. ఇట్లు ప్రాఁకుట తగదని నొసలు చిట్లించు పండితులు ఆ భాషలో నేఁటికిని కలరు. నాకు మాత్రము ఆ మాట త్రోవ తప్పినదని తోఁచలేదు. కన్నులు మూసికొన్నవాఁడు కుట్రదారుల యింటి వాకిట నిలుచున్నవాఁడే; లోపలికి ఒక్క యడుగు దూరము. ఆ యడుగును జనుల నాలుక వేసినది.

అంతట నాకొక యూహ పుట్టినది. నల్లబల్లను నిలువుగీఁతతో రెండు భాగములు చేసి, ఎడమవైపున రహస్యముగా కీడు తలపెట్టుటకు తెలుఁగున గల మాటలను, కుడివైపున ఆ కీడును కనియు కానరానట్లుండుటకు గల మాటలను చెప్పుఁడని పిల్లల నడిగితిని. ఎడమవైపునకు మాటలు వడగండ్లవలె వచ్చిపడినవి. కుట్ర, పన్నాగము, కుతంత్రము, మాయోపాయము, మంతనము, ఎత్తుగడ, లాలూచి, కుమ్మక్కు, గూడుపుఠాణి, లోపాయికారి. గోతులు త్రవ్వుట, ఉచ్చులు పన్నుట. వ్రాసి వ్రాసి నా చేతిలోని సుద్ద యరిగిపోయినది. కుడివైపునకు వచ్చుసరికి తరగతి యంతయు నిశ్శబ్దమైనది. ఎవరో 'చూచియుఁ జూడనట్లు' అనిరి. చాలసేపటికి ఒక బాలిక 'ఉపేక్ష' అనెను. అంతే. తక్కిన బల్ల నల్లగానే యుండిపోయినది.

ఆ నల్లని భాగమును గూర్చియే ఈ వ్యాసము. అయితే ఎడమవైపున పడిన వడగండ్లను చూడక పోవుటకు మనసొప్పదు. ఆ మాటలలో పుట్టుకతో చెడ్డవి కొలఁదియే. మంతనము ఆలోచన చెప్పుకొనుట; ఆలోచన చెప్పువాఁడే మంత్రి. తంత్రమనఁగా మొదట మగ్గము, పడుగు; పిమ్మట ఏ పనికైనను కూర్చిన పద్ధతి. దాని ముందు 'కు' యను నొక్క యక్షరము నిలిచినంతనే అది కుతంత్రమైనది. పన్నుట యనఁగా సిద్ధపఱచుట. సేనను పన్నుదురు, వలను పన్నుదురు. పన్నాగము ఆ వలకు చుట్టము. పన్నగమునకును పన్నాగమునకును మాత్రము చుట్టఱికము లేదు. పన్నగ మనఁగా పాము. ఏటేట కొందఱు విద్యార్థులు పరీక్షలో 'శకుని పన్నగము' అని వ్రాసి, దీర్ఘ మొకటి మఱచియు నిజమునకు దగ్గఱగానే పోవుచుందురు.

కుమ్మక్కు కథ మఱింత విచారకరము. హిందూస్థానీలో కుమక్ అనఁగా సాయము. ముఖ్యముగా పోరులో చిక్కుపడిన సేనకు వెనుకనుండి వచ్చు సహాయసేన. అంత మంచి మాట తెలుఁగుదేశమునకు వచ్చి, కచేరీలలోను గ్రామకక్షలలోను తిరిగి తిరిగి, నేఁడు కావలివాఁడు దొంగతో కలియుటకు పేరైనది. లాలూచియు నట్టిదే. లాలూచీకుస్తీ యని మనలో నొక పలుకుబడి గలదు. మల్లులిద్దఱు తొడలు చఱచి గోదాలోనికి దిగుదురు. చూచువారు గొంతులు చించుకొందురు. గెలుపోటములు మాత్రము ముందురాత్రియే తీర్మానమై యుండును. ఇంగ్లీషువారి 'కొల్యూడ్' అను మాటకును మూలార్థము కలిసి యాడుట యని చెప్పఁగా పిల్లలు విస్తుపోయిరి. 'కాన్‌స్పైర్' అనఁగా కలిసి ఊపిరి పీల్చుట. మన గూడుపుఠాణిలోను తలలు దగ్గఱఁజేర్చి గుసగుసలాడువారి ఊపిరి మనకు వినఁబడుచునే యుండును.

ఇఁక కుడివైపు. ఉపేక్ష యను మాట చెప్పిన బాలికను మెచ్చుకొంటిని. చూచుట యను అర్థము గల సంస్కృతధాతువునుండియే పరీక్ష, సమీక్ష, ప్రతీక్ష, అపేక్ష, ఉపేక్ష యన్నియు పుట్టినవి. కాఁబట్టి ఉపేక్షలోను ఒక చూపు దాఁగియున్నది. చూడనివాఁడు ఉపేక్షింపలేఁడు, చూచి ఊరకుండుటకే ఆ పేరు. సంస్కృతముననే 'గజనిమీలిక' యని మఱియొక చక్కని మాట గలదు. ఏనుఁగు తన చిన్నికన్నులను సగము మూసి, అంత దేహముతో నడుమ నిలిచియు తనకేమియు పట్టనట్లుండును. అట్లుండు మనుష్యుని వర్తనమునకు పూర్వులు ఈ పేరు పెట్టిరి. దేవతలకు అనిమిషులని పేరు, అనఁగా ఱెప్పవేయనివారు. ఇది చెప్పఁగానే వెనుకబల్లలోని వాఁడొకఁడు, "అయ్యా, పరీక్షలకు అనిమిషులను కావలి పెట్టకుఁడు" అని వేఁడుకొనెను. తరగతియంతయు నవ్వినది, నేనును నవ్వితిని. కాని ఉపేక్షయు గజనిమీలికయు పుస్తకములలోని మాటలు. అంగడిలోను, ఆటస్థలములోను, వసతిగృహములోను వాడుటకు మనకున్నది 'చూచియుఁ జూడనట్లు' ఒక్కటియే.

ఆ పలుకుబడి యెంత మెత్తనిదో గమనింపుఁడు. ఇంటికి వచ్చిన చుట్టము పంచె చినిఁగియుండఁగా చూచియుఁ జూడనట్లుండుట మర్యాద. చంటిబిడ్డ చక్కెరడబ్బాలో చేయి పెట్టఁగా అమ్మ చూచియుఁ జూడనట్లుండుట ముద్దు. ఆ మర్యాదను, ఆ ముద్దును తోడు తెచ్చుకొని ఈ మాట పరీక్షాశాలలోనికి వచ్చును. పరీక్షల దినములలో పెద్దమనుష్యులు కొందఱు మా గుమ్మములకు వచ్చి, "మాస్టరుగారూ, పిల్లలు గదా, తాము కొంచెము చూచియుఁ జూడనట్లు పోవలయును" అని నవ్వుచు సెలవిత్తురు. చీటీలందించుటకు తోడ్పడుఁడని వారెన్నఁడు నడుగరు. అడిగినచో వారికే సిగ్గు. తోడ్పడుఁడను మాటను నోట పలుకకయే తోడ్పాటును కోరుటకు ఈ పలుకుబడి చక్కగా పనికివచ్చుచున్నది. పబ్లిక్ పరీక్షలలోని అక్రమములను అరికట్టుటకు 1997లో ఆంధ్రప్రదేశమున ప్రత్యేకముగా ఒక చట్టమే చేయవలసి వచ్చెను. చీటీలు వ్రాసినవారు కొలఁదిమంది యైనను, చూచియుఁ జూడనట్లు పోయినవారు ఎందఱో యున్నఁగాని వ్యవహారము చట్టము దాఁక రాదు.

ఇంగ్లీషువారికిని ఇట్టి పలుకుబడి యొకటి కలదు. గ్రుడ్డికన్ను త్రిప్పుట యందురు. దానికి నెల్సన్ నావికాధిపతి కథ చెప్పుదురు. అతనికి 1794లో కార్సికా ద్వీపమునందలి పోరులో కుడికంటిచూపు పోయెను. 1801 ఏప్రిల్ 2వ తేదీన కోపెన్‌హేగన్ రేవువద్ద యుద్ధము ముదిరియుండఁగా, వెనుకకు మరలుమని పై యధికారి జెండాలతో ఆజ్ఞ యిచ్చెనఁట. నెల్సన్ దూరదర్శినిని గ్రుడ్డికంటికి పెట్టుకొని తనకే జెండాయు కానరాలేదనెనఁట. ఈ కథ ఇంగ్లీషు పుస్తకములలో వీరగాథగా చెలామణి యగుచున్నది. అంత యక్షరాలా జరిగెనో లేదో గాని, ఒక్క భేదమును పిల్లలకు చెప్పక తప్పదు. అతఁడు కన్నుమూసినది ఫిరంగుల యెదుట నిలుచుటకు. మనము కన్నుమూయునది మన తల దాఁచుకొనుటకు.

మనకు తగిన కథ భారతములో నున్నది. 11వ శతాబ్దమున నన్నయభట్టారకుఁడు తెనిఁగించిన ఆది సభాపర్వములను ఇంటిలో పెద్దలచేత చెప్పించుకొని వినుఁడు. వారణావతమున లక్కయిల్లు కట్టించుట దుర్యోధనుని కుట్ర. కట్టినవాఁడు పురోచనుఁడు. పాండవులను ఆ యూరికి పొమ్మని తియ్యగా చెప్పి పంపినవాఁడు ధృతరాష్ట్రుఁడు. కొడుకు పోరు పడలేక పంపెను. ఎందులకో యని గ్రుచ్చి యడుగలేదు. విదురుఁడు మాత్రము ఒరులకు తెలియని మాటలతో ధర్మరాజును హెచ్చరించి, సొరంగము త్రవ్వువానిని పంపెను. మరల జూదపుసభలో ఆ గ్రుడ్డిరాజు, పందెము పడినప్పుడెల్ల మనవారు గెలిచిరా యని యాత్రముతో అడుగుచునే యుండెను. భీష్మద్రోణులవంటి పెద్దలు తలలు వంచుకొనిరి. నోరు తెఱచి యిది తప్పన్నవాఁడు, విదురుని తరువాత, కౌరవులలో చిన్నవాఁడగు వికర్ణుఁడు. దుర్యోధనుఁడు చేసిన పనికి మన భాషలో పది పేరులున్నవి. ధృతరాష్ట్రుఁడు చేసిన పనికి? గ్రుడ్డిరాజందుము. అది యతని దేహమునకు పేరు గాని, చేసిన పనికి కాదు.

ఆనాఁడు గంట కొట్టుటకు ముందు ఒక బాలిక, "అయ్యా, తప్పు చేసినవానికి ఇన్ని పేరులున్నవి. తప్పు చెప్పినవానికిని చాలనున్నవి. చూచినవానికి మాత్రము లేవేమి?" అని యడిగెను. నేను బల్లమీఁద మూఁడవ గీఁత గీయవలసి వచ్చెను. చాడీ, కొండెము, పితూరీ. ఇందులో పితూరీ చరిత్ర వినఁదగినది. గోదావరి మన్యమున అది తిరుగుబాటునకు పేరు. 1879లో అక్కడి కొండవారు లేవఁదీసిన తిరుగుబాటు రంపపితూరీ యని ప్రసిద్ధము. అడవులను కదిలించిన మాట నేఁడు బడిపిల్లల నోట, ఒకని తప్పును ఇంకొకఁడు పంతులుగారికి విన్నవించుటగా మిగిలినది. ఇట్లు చెప్పినవానికి మూఁడు కొరడాలు సిద్ధముగా నున్నవి. చెప్పనివానికి ఒక్కటియు లేదు. మాటలే యిట్లుండఁగా పిల్లలు ఏ త్రోవ పట్టుదురో ఊహింపవచ్చును.

ఇది ఊహ గాదు. నేనే ఆ త్రోవ పట్టితిని. పదుమూఁడేండ్ల ప్రాయమున వేఱొక యూర వసతిగృహములో నుండి చదువుకొనుచుంటిని. నా చాప సామానులగది తలుపునకు దగ్గఱ. ఒక రాత్రి పెద్దతరగతి విద్యార్థులు నలుగురు ఆ తలుపు గొళ్లెము నూడఁదీసి బెల్లపుటచ్చులను మూటగట్టుకొని పోవుచుండఁగా మెలఁకువ వచ్చినది. వారిలో నొకఁడు వంగి నా మొగము చూచెను. నేను కన్నులు మూసికొంటిని. లాటినుమాటకు గల మొదటి యర్థమును నేను నిఘంటువులో చూచుటకు ఎన్నియో యేండ్ల ముందే నా ఱెప్పలతో నేర్చుకొన్నాను. తెల్లవాఱుసరికి నా తలగడక్రింద బెల్లపుముక్క యొకటి యుండెను. తిలాపాపము తలా పిడికెడని పెద్దలందురు. నా పిడికెడు నాకు వచ్చినది. దానిని తింటిని.

రెండుదినములకు లెక్క చూడఁగా కొఱత బయటపడినది. ఫీజు కట్టలేక, ఆ గదిని ఊడ్చి, నీళ్లు తోడిపోసి, అందులకు బదులుగా భోజనము చేయు కుఱ్ఱవాఁడొకఁడు మాలో నుండెను. గదితాళము అతనిచేత నుండును గనుక నేరము అతనిమీఁదఁ బడినది. అందఱిని వరుసగా నిలువఁబెట్టి, ఎవరైనను ఏమైనను చూచితిరా యని అడిగిరి. నలుగురును నా యెదుటి వరుసలోనే యుండిరి. నేను నోరు తెఱవలేదు. ఆ కుఱ్ఱవాఁడు సంవత్సరపరీక్షలకు మూఁడువారముల ముందు తన ట్రంకుపెట్టెను నెత్తిమీఁద పెట్టుకొని గేటు దాఁటిపోయెను. మరల అతనిని చూడలేదు. అతని చదువు ఏమాయెనో నేఁటికిని నాకు తెలియదు. నన్ను ఎవరును ఏమియు ననలేదు. ఏ పేరుపెట్టి యందురు?

పెద్దవాఁడనైన తరువాత, చట్టము దీనినేమనునో యని చూచితిని. 1860నాఁటి భారతశిక్షాస్మృతి, నేరమునకు చేసిన పనిచేతనే గాక, చట్టప్రకారము చేయవలసిన పనిని చేయకుండుటచేతను తోడ్పడవచ్చునని చెప్పినది. నేరపూరితమైన కుట్రను ప్రత్యేకనేరముగా 1913లో అందులో చేర్చిరి. 2024 జులై 1వ తేదీనుండి దాని స్థానమున వచ్చిన భారతీయ న్యాయసంహితలోను ఈ రెండు నిబంధనలు నిలిచియున్నవి. కావలి కాయవలసినవాఁడు కావలెనని ప్రక్కకు తొలఁగినచో అతఁడు చిక్కును. చాపమీఁద పండుకొన్న బాలుఁడు చిక్కఁడు. అది న్యాయమే. చిన్నపిల్లల మౌనమునెల్ల చట్టము వెంటాడినచో ప్రపంచమున చెఱసాలలు చాలవు. కాని చట్టము విడిచినంతమాత్రమున బెల్లపు రుచి నోటినుండి పోలేదు.

ఇంతకును నేను కోరునది పిల్లలందఱు చాడీలు చెప్పవలెనని కాదు. చాడీ చాటున చెప్పఁబడును, చెప్పువాని మేలునకు చెప్పఁబడును. ఒకఁడు శిక్షపడుచుండఁగా వరుసలోనుండి లేచి, అతఁడు కాఁడు నేను చూచితిని అనువాఁడు పదుగురిలో చెప్పును, తన మేలును పోఁగొట్టుకొని చెప్పును. ఈ రెండింటికిని ఒకే పేరు పెట్టి పిల్లలను వెక్కిరించుట మానవలయును. ఇందులో ఉపాధ్యాయులమగు మా తప్పును గలదు. గదితలుపు ఓరగా వేసి చెవిలో గుసగుసలు విని, చెప్పినవానిని దగ్గఱకు తీయు మాస్టరుగారివల్లనే బడిలో చాడీ పెరుగును; బాహాటముగా చెప్పిన బాలుని మఱునాఁటినుండి తోడివారి పిడికిళ్లకు విడిచిపెట్టుటవల్లనే మౌనము పెరుగును. నాఁడు వరుసలో నిలిచిన నాకు ఆ నలుగురి భయమే యుండెను; పెద్దలు నన్ను కాచుదురను నమ్మకము లేకుండెను. ఇది నా తప్పును కడుగదు. కాని మా పాఠశాలలో ఆ వరుసలో నిలువఁబోవు వేఱొక బాలునకు ఉపకరించునని వ్రాయుచున్నాను. తలిదండ్రులను కోరునది చిన్నది. పరీక్షలనాఁడు మా గుమ్మములకు వచ్చినప్పుడు ఆ మెత్తని మాటను వాడకుఁడు. మీ బిడ్డకు చీటీ యందింపుమని సూటిగా అడుగుఁడు. అడుగుటకు నోరు రానిచో, కాఫీ త్రాగి వెళ్లుఁడు.

కుడివైపు నల్లగా మిగిలిన బల్లను తుడువవలదని పిల్లలు ఆ సాయంకాలము పట్టుపట్టిరి. ఇంటిదొంగ యున్నాఁడు, తోడుదొంగ యున్నాఁడు, వీనికిని ఒక పేరు కావలెనని వారి వాదము. చాల పేరులు వచ్చినవి. ఎక్కువభాగము వ్రాయఁదగినవి కావు. మఱునాఁడు నేను పోవుసరికి ఎవరో పెద్ద యక్షరములతో 'ఱెప్పదొంగ' అని వ్రాసియుంచిరి. చేతితోఁ గాక కంటిఱెప్పతో దొంగిలించువాఁడని వివరణము. వ్యాకరణమున తప్పు పట్టుటకు వెదకితిని గాని దొరకలేదు. ఆ మాట నిఘంటువులకెక్కునో లేదో నాకు తెలియదు. తరగతిలో మాత్రము వాడుకలోనికి వచ్చినది.

గతమాసమున జరిగిన నెలపరీక్షలో నేనే కావలి యుంటిని. మధ్యాహ్నపు వేళ, ఎండ తీక్ష్ణముగా నుండెను. వెనుకవైపున కాగితము కదలిన చప్పుడు వినఁబడినది. కుర్చీనుండి లేచుటకు బద్ధకించి, కిటికీలోనుండి వేపచెట్టును చూచుచు నిలిచితిని. అప్పుడు ముందుబల్లనుండి ఎవరో, గొంతు తగ్గించి, ఆ మాటను పలికిరి. నేను వెనుకకు తిరిగితిని.